ఏడో పాటలో కుళాయి

ఆ రోజు పొద్దున వదిన పెట్టుకున్న పనులు మూడే మూడు. తొమ్మిదింటికి ప్లంబరు వస్తాడు, కారుతున్న వంటింటి కుళాయి బాగుచేయించాలి. పదకొండింటికల్లా వంట ముగించాలి. సాయంత్రం ఆరింటికి లైబ్రరీ మేడ మీది హాల్లో మరిది వాళ్ళ కొత్త ఆల్బమ్ వినిపిస్తున్నారు, ఇస్త్రీ బట్టలు కట్టుకుని ముందు వరసలో కూర్చోవాలి. ఈ మూడింటికీ ఒకదానితో ఒకటి సంబంధం ఉంటుందని ఆవిడ కలలో కూడా అనుకోలేదు.

ఆవిడకి వేరే పేరుంది గానీ దాన్ని ఎవరూ వాడరు. మరిదికి వదిన కనుక మరిది స్నేహితులకీ వదినే, వాళ్ళని చూసి పక్కింటివాళ్ళకీ వదినే. కట్టుకున్న మొగుడు కూడా ఒకటి రెండుసార్లు పరధ్యానంలో "వదినా, కాఫీ" అని కేకేసి నాలుక కరుచుకున్నాడు.

మరిది తూనికలు కొలతల ఆఫీసులో గుమాస్తా. ఆఫీసు వదిలాక సంగీత దర్శకుడు. అతనికి తోడు పాడటానికి ఒక పళ్ళ డాక్టరమ్మ, డ్రమ్ మెషీన్ నడపటానికి ఒక లిఫ్టు మెకానిక్కు. ఇంట్లో వెనక గదిలో పుట్టింది కాబట్టి ఆ బ్యాండుకి 'వెనక గది' అనే పేరు పెట్టుకున్నారు. వాళ్ళది సింథ్-పాప్. అదేమిటని చుట్టాలెవరైనా అడిగితే, "మీటలు నొక్కితే పెట్టెలు పాడతాయి. పెట్టెలు అలిసిపోకుండా మధ్యలో మనిషి పాడుతుంది" అని చెప్పేది వదిన. అంతకన్నా బాగా ఎవరూ చెప్పలేకపోయారు.

మూడేళ్ళ కింద వాళ్ళ మొదటి ఆల్బమ్ వచ్చింది. ఊళ్ళో పేరున్న పత్రికలో పేరున్న విమర్శకుడు దాని మీద సమీక్ష రాశాడు. మొత్తం సమీక్ష ఒక్క వాక్యం: "యంత్రాలన్నీ చక్కగా పనిచేస్తున్నాయి." మరిది ఆ కాగితం ముక్క కత్తిరించి అద్దం పక్కన అంటించుకుని, మూడేళ్ళుగా దాన్ని చూస్తూనే గడ్డం గీసుకుంటున్నాడు. అందుకే అప్పుడప్పుడు తెగేది.

ఇది రెండోది. పేరు 'మళ్ళీ మేమే'. రెండో కాన్పు సులువంటారు గానీ ఆల్బమ్‌ల విషయంలో ఆ మాట ఎవరూ నమ్మొద్దు. పదిహేను నెలలు పట్టింది. పైగా ఇంటి పెద్ద, అంటే వదిన మొగుడు, తమ్ముణ్ణి కూర్చోబెట్టి తీర్పు చెప్పేశాడు. "ఇదొక్కటీ చూస్తాను. ఇది కూడా 'యంత్రాలు పనిచేస్తున్నాయి' అయితే ఆ గది నాకు కావాలి. నా వ్యాయామం సైకిలు అక్కడ పెట్టుకుంటాను." ఆ సైకిలు కొన్ననాటినుంచీ ముందు గదిలో తువ్వాళ్ళు ఆరేసుకోవడానికి పనికొస్తోంది. అయినా మాట మాటే. గది పోతే బ్యాండు పోయినట్టే.

పదిహేను నెలలూ గోడకి ఇవతల వంటింట్లో ఉండి వదిన ప్రతి పాటా విన్నది. పుట్టినవీ విన్నది, పురిట్లోనే పోయినవీ విన్నది. ఆల్బమ్‌లోని పదమూడింటిలో సరిగ్గా మధ్యనున్న ఏడోది, 'తడి ఆరలేదు' అన్న పాట, ఆవిడకి ప్రాణం. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడగలేదు కాబట్టి.

ఆ రోజు అడిగారు.

తొమ్మిదీ పావుకి మరిది హెడ్‌ఫోన్స్ పట్టుకుని వంటింట్లోకి వచ్చాడు. అప్పటికి ప్లంబరు సింకు కింద అలమరలో తల దూర్చి నడుం దాకా లోపలికి వెళ్ళిపోయి ఉన్నాడు. బయట మిగిలిన సగాన్ని ఫ్రిజ్జు కప్పేసింది.

"వదినా, ఏడోది ఒక్కటీ విను. ఇన్నాళ్ళూ నిన్ను అడగలేదు, బుద్ధి తక్కువై. నిజం చెప్పాలి, మొహమాటపడకూడదు."

"నేను మొహమాటపడటం ఎప్పుడు చూశావు నువ్వు?"

"నేనిక్కడ నిలబడితే పడతావు. అయ్యాక వస్తాను." అని హెడ్‌ఫోన్స్ ఆవిడ తలకి తగిలించి వెళ్ళిపోయాడు.

వదిన కూరలు తరుగుతూ విన్నది. మధ్యలో సింకు కిందనుంచి ప్లంబరు ఏదో అడిగితే కుడిచెవి మీది డిప్ప వెనక్కి నెట్టుకుంది. అలా ఎడమచెవి పాటకి, కుడిచెవి కుళాయికి పంచి ఇచ్చింది. పాట అయిపోయేసరికి కళ్ళు చెమర్చాయి. ఉల్లిపాయలు కాదు, బీన్సే తరుగుతోంది. మరిదికి ఏం చెప్పాలో ఒక వాక్యం తయారుచేసుకుంది. ఈలోగా పాట దానంతటదే మళ్ళీ మొదలైంది.

ప్లంబరు పెద్దవయసు మనిషి, ముప్ఫై ఏళ్ళ అనుభవం. పనికి రెండు చేతులూ కావాలి కాబట్టి టార్చిలైటు పళ్ళతో కరిచిపట్టుకుని మాట్లాడతాడు. వినేవాళ్ళకి అది పైపులో గాలి బుడగ కదిలినట్టుంటుంది. వదినకి మాత్రం ప్రతి ముక్కా అర్థమయ్యేది. బ్రష్షు నోట్లో పెట్టుకుని సంసారం విషయాలన్నీ చర్చించే మొగుడితో పద్నాలుగేళ్ళు కాపురం చేసింది మరి.

సరిగ్గా అప్పుడే మరిది ఎడమవైపు గుమ్మంలోకి వచ్చి, ఊపిరి బిగబట్టి, "ఎలా ఉంది వదినా?" అన్నాడు. సరిగ్గా అప్పుడే కుడివైపు సింకు కిందనుంచి ప్లంబరు, ఎన్నాళ్ళనుంచి ఈ బాధ అని అడిగాడు.

"పదిహేను నెలలనుంచీ ఇదే మోత," అంది వదిన తరుగుతున్న బీన్సు మీదనుంచి తల ఎత్తకుండా. "తల పగిలిపోతోందంటే నమ్మండి."

మరిది గుమ్మం పట్టుకున్నాడు. వదిన తనని 'నమ్మండి' అంది. కాపురానికొచ్చిన ఇన్నేళ్ళలో వదినకి తన మీద కోపం వచ్చింది నాలుగుసార్లు. నాలుగుసార్లూ 'నువ్వు' పోయి 'మీరు' వచ్చింది. ఇది అయిదోసారి.

"మరీ... మొత్తం అంతానా?" అన్నాడు నీరసంగా.

సింకు కింద ప్లంబరు కూడా అదే అడిగాడు, కుళాయి మొత్తం మార్చాలా, మధ్యలో ముక్క మారిస్తే చాలా అని.

"మధ్యలోదాన్ని పీకి పారేయండి ముందు. తక్కినవి ఇంకొన్నాళ్ళు ఎలాగో నెట్టుకొస్తాయి."

పదమూడింటికి మధ్యలోది ఏడు. తూనికలు కొలతల వాడికి ఆ లెక్క ఎవరూ చెప్పక్కర్లేదు. "అది... అంత బాగాలేదా వదినా?" అన్నాడు. అంతలో ప్లంబరు చేతిలో పట్టకారు జారి, నీళ్ళు చిమ్మి వదిన పాదాలు తడిసిపోయాయి. అయ్యయ్యో తడిపేశానమ్మా అన్నాడతను టార్చిలైటు చాటునుంచి.

"ఫర్వాలేదు," అంది వదిన.

తెలుగులో ఇంతకు మించిన చావుదెబ్బ లేదు. బాగాలేదు అంటే పోట్లాడొచ్చు. చెత్తగా ఉంది అంటే వినేవాడికి బుద్ధి లేదనుకోవచ్చు. ఫర్వాలేదు అన్నాక ఇక మనిషి చేయగలిగేదేమీ ఉండదు. మరిది చప్పుడు చేయకుండా వెనక్కి తిరిగి తన గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు.

వదిన పాదాలు తుడుచుకుని, హెడ్‌ఫోన్స్ తీసి, కట్టుకున్న వాక్యంతో గుమ్మంవైపు తిరిగింది. ఎవరూ లేరు. సరే, సాయంత్రం చెబుదామని ఆ వాక్యాన్ని డబ్బాలో పోసి మూత పెట్టినట్టు దాచుకుంది.

ప్లంబరు బయటికొచ్చి టార్చిలైటు జేబులో పెట్టుకున్నాడు. అతను కుళాయిలకి కూడా మనుషుల్లాగే ముక్కు, గొంతు, నడుము ఉంటాయని నమ్మే మనిషి. "గొంతు అరిగిపోయిందమ్మా. పైకి తెలీదు గానీ లోపల ఏం మిగల్లేదు. మధ్యాహ్నానికి కొత్త కుళాయే తెచ్చి బిగించేస్తా," అని చెప్పి వెళ్ళాడు.

పదకొండున్నరకి ఫోను మోగింది. పళ్ళ డాక్టరమ్మ. ఆ కుళాయి చప్పుడు గోడ దాటి మైకులో పడుతోందని నెలల తరబడి విసుక్కుని, వచ్చినప్పుడల్లా "మీ కుళాయికి ఎలా ఉంది వదినా?" అని రోగిని అడిగినట్టు అడిగేది ఆ పిల్ల. అంచేత, "పొద్దున మీరన్నదంతా మీ మరిది ఇప్పుడే ఫోన్ చేసి చెప్పాడు వదినా. అసలు లోపం ఎక్కడుందంటారు?" అనగానే వదినకి రెండో ఆలోచన రాలేదు.

"గొంతేనమ్మా. పూర్తిగా అరిగిపోయిందట."

"అలా అని... ఎవరన్నారు?"

"ముప్ఫై ఏళ్ళ అనుభవం ఉన్న మనిషి, టార్చిలైటు వేసి మరీ చూశాడు. పైకి తెలీదట, లోపలేం మిగల్లేదట."

"మరి ఇప్పుడు?"

"ఏముంది, మధ్యాహ్నానికి కొత్తది వచ్చేస్తోంది. సాయంత్రానికి ఏ గొడవా ఉండదు. పాతదాన్ని పంపించాలంటే నాకూ మనసొప్పలేదనుకో. ఎన్నాళ్ళని ఓర్చుకుంటాం చెప్పు?"

"మంచిది వదినా," అంది పళ్ళ డాక్టరమ్మ. ఆ గొంతు వణికింది. ఫోను కట్టయింది. పాపం ఎంత జాలిగుండె, కుళాయి పోతే కూడా ఏడుస్తోంది అనుకుంది వదిన.

రెండింటికి కొత్త కుళాయి వచ్చి కూర్చుంది. తళతళలాడుతూ, చుక్క నీరు కారకుండా. ఇల్లంతా నిశ్శబ్దమైపోయింది. వదినకి ఎందుకో ఏమీ తోచలేదు.

మూడింటికి సామాన్లు హాలుకి చేరవేయడానికి లిఫ్టు మెకానిక్కు వచ్చాడు. మామూలుగా అతను మాటకి ముందు నవ్వుతాడు. ఆ రోజు చెప్పులు విడిచి, గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

"వదినగారూ, ఒక్క మాట. ఆ మోత నాదేనా?"

"ఏ మోత?"

"అదే, పదిహేను నెలలనుంచీ తల పగిలిపోతోందన్నారట కదండీ. డ్రమ్ము నాదే కదా. ముందే చెప్పుంటే నాలుగంతస్తులు కిందికి దించేవాణ్ణి."

వదిన చేతిలో గరిటె ఆగిపోయింది. "ఆ మాట నేను నీతో అనలేదే!"

"నాతో కాదండి. వాడితో. మధ్యలోదాన్ని పీకి పారేయమన్నారట. ఆఖర్న 'ఫర్వాలేదు' అన్నారట. వాడు పొద్దుట్నుంచి అన్నం ముట్టలేదు."

వదిన సింకు వంక చూసింది, గుమ్మం వంక చూసింది, ఫ్రిజ్జు వంక చూసింది. మూడింటినీ ఒక గీతలో నిలబెట్టి చూసుకునేసరికి సంగతి మొత్తం బోధపడింది. "ఓరి దేవుడా!" అని గరిటెతో సహా వెనక గదిలోకి పరిగెత్తింది.

మరిది చీకట్లో కూర్చుని ఉన్నాడు. పెట్టెల మీది చిన్న దీపాలు మాత్రం పరామర్శకి వచ్చినవాళ్ళలా మినుక్కుమంటున్నాయి.

"నేనన్నది కుళాయినయ్యా! సింకు కింద ప్లంబరున్నాడు!"

"సింకు కింద ఎవరూ లేరు వదినా. నన్ను ఓదార్చకు."

"కాళ్ళు ఫ్రిజ్జు వెనకున్నాయి. 'నమ్మండి' అన్నది ఆయన్ని. ఆయన పెద్దవాడు."

మరిది నెమ్మదిగా తలెత్తాడు. "మరి 'ఫర్వాలేదు'?"

"అది నా కాళ్ళు తడిసినందుకు." వదిన కుర్చీ లాక్కుని కూర్చుంది. పొద్దుటినుంచీ మూతపెట్టి ఉంచిన వాక్యాన్ని బయటికి తీసింది. "ఆ పాట విన్నప్పుడల్లా నా వంటిల్లు నాకు నచ్చుతుంది. అదీ నేను చెప్పాలనుకున్నది. ఇక లేచి అన్నం తిను."

మరిది లేవలేదు. రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు. "చెరిపేశాను వదినా. నువ్వు పీకి పారేయమన్నావు కదా అని ఏడోదాన్ని సమూలంగా పీకేశాను. మన లిఫ్టువాడి దగ్గరున్న కాపీ కూడా తీయించేశాను. మళ్ళీ మనసు మారకూడదని చెత్తబుట్ట కూడా ఖాళీ చేశాను."

జీవితంలో మొదటిసారి అతను ఒకరి మాట విన్నాడు. అది ఇలా అఘోరించింది.

"చేతుల్లో ఉందిగా?" అన్నాడు లిఫ్టు మెకానిక్కు గుమ్మంలోంచి. "తక్కిన పన్నెండూ వినిపిద్దాం. ఏడోది అక్కడే వాయిద్దాం. కరెంటు పోతే లిఫ్టుని చేత్తో తిప్పి పైకి తెస్తాం కదండీ, అలాగ. పాడటానికి డాక్టరమ్మ ఉందిగా."

డాక్టరమ్మ అనగానే వదినకి పదకొండున్నర ఫోను గుర్తొచ్చింది. గొంతు. అరిగిపోయింది. కొత్తది వచ్చేస్తోంది. వదిన గరిటె అక్కడే పడేసి చెప్పులేసుకుంది.

క్లినిక్కుకి ఆవిడ వెళ్ళేసరికి నాలుగు. పళ్ళ డాక్టరమ్మ ఒక పెద్దమనిషి నోరు తెరిపించి, దీపం దించి, పని మధ్యలో ఉంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"చెప్పండి వదినా. కొత్తావిడ బాగా పాడుతోందా?"

"కొత్తావిడ కాదే తల్లీ, కొత్త కుళాయి! గొంతు అరిగింది కుళాయికి!"

"కుళాయికి గొంతేమిటి వదినా? నేను చదువుకున్నదాన్ని. మనిషికి ఉంటుంది, కుళాయికి ఉండదు."

"ఆ... ఆ..." అన్నాడు కుర్చీలో పెద్దమనిషి.

"మీరు నోరు మూయకండి," అంది డాక్టరమ్మ.

వదిన ఇక వాదించలేదు. ప్లంబరుకి ఫోన్ చేసి, అందరికీ వినపడేలా పెట్టింది. "పొద్దున ఎవరి గొంతు అరిగిందో కాస్త చెప్పండి."

"మీ వంటింటి కుళాయిదేనమ్మా. ఇదిగో నా సంచీలోనే ఉంది. దాని ముక్కు మాత్రం నిక్షేపంగా ఉంది, పారెయ్యబుద్ధి కాలేదు."

డాక్టరమ్మ పనిముట్టు కింద పెట్టేసింది. కుర్చీలో పెద్దమనిషి ఒళ్ళంతా కదిలేలా నవ్వాడు. నోరు తెరిచే ఉంది కనుక ఆయనకి వేరే శ్రమ లేకపోయింది. మిగిలిన పన్ను రేపు చూసుకుందామని ఆయనే అన్నాడు, సైగలతో.

ఆరింటికి హాల్లో నలభై కుర్చీలు, ముప్ఫై ఒక్క మంది. చివరి వరసలో విమర్శకుడు, ఒళ్ళో గొడుగు, చేతిలో చిన్న పుస్తకం. ఆరు పాటలు వినిపించారు. ఆయన ఆరుసార్లు గడియారం చూసుకున్నాడు. ముందు వరసలో వదిన పక్కన ఆవిడ మొగుడు, అప్పుడే సైకిలు ఎక్కినట్టు నిటారుగా కూర్చున్నాడు.

ఏడోది చేతులతో మొదలుపెట్టారు. సింథ్ లేచింది, డ్రమ్ మెషీన్ నడిచింది. డాక్టరమ్మ నోరు తెరిచింది, మూసింది. మళ్ళీ తెరిచింది, మూసింది. ఎక్కడ అందుకోవాలో తెలియలేదు. మరిది మొదటినుంచీ వాయించాడు. మళ్ళీ అదే. పాట ఒక కాలు పొట్టి అయిన స్టూలులా ఊగుతోంది. వెనక వరసలో విమర్శకుడు గొడుగు చేతిలోకి తీసుకున్నాడు.

అసలు విషయం ముందు తెలిసింది వదిన పాదానికి. అది ఎవరూ చెప్పకుండానే నేలమీద తాళం వేస్తోంది, టప్... టప్, టప్... పదిహేను నెలలు గోడ అవతలినుంచి ఆ కుళాయి వేసిన తాళం. విసుక్కుంటూ విసుక్కుంటూనే ముగ్గురూ దాన్ని పట్టుకుని పాట కట్టారు. మూడో చుక్క తరవాత డాక్టరమ్మ అందుకునేది. ఇప్పుడు చుక్కే లేదు.

వదిన లేచి హాలు మూలనున్న మంచినీళ్ళ డ్రమ్ము దగ్గరికి నడిచింది. స్టీలు గ్లాసు కింద పెట్టి, కుళాయి వెంట్రుకవాసి తిప్పింది. టప్. కొంచెం బిగించింది. టప్... టప్, టప్. డాక్టరమ్మ కళ్ళు పెద్దవయ్యాయి. మూడో చుక్క తరవాత పాట అందుకుంది.

మైకుకి అది అందటం లేదు. ఇది గ్రహించి ముందు వరసలోంచి లేచి పక్క స్టాండు మీది మైకు పీక్కుని గ్లాసు దగ్గరికి తెచ్చింది, మరెవరో కాదు, వదిన మొగుడే. తీరా అరనిమిషానికి గ్లాసు నిండటం మొదలై చప్పుడు మారిపోసాగింది. వదిన కళ్ళతో సైగ చేసింది. ఆయన చుక్కకీ చుక్కకీ మధ్య గ్లాసు తీసి గటగటా తాగేసి మళ్ళీ అక్కడే పెట్టాడు. పాట అయ్యేలోగా అలా ఆరుసార్లు తాగాడు. ఒక్కసారి కూడా తాళం తప్పలేదు. లిఫ్టు మెకానిక్కు ఒక చేత్తో డ్రమ్ము నడుపుతూ, రెండో చేత్తో ఇదంతా రికార్డు చేశాడు.

మర్నాడు పొద్దున వెనక గది వాళ్ళు ముగ్గురూ వంటింటి గుమ్మంలో నిలబడితే, వదిన మొగుడు పత్రిక విప్పి చదివాడు. ఈసారి సమీక్ష మూడు వాక్యాలుంది.

"యంత్రాలు ఈసారి కూడా చక్కగా పనిచేస్తున్నాయి. ఏడో పాటలో మాత్రం ఎవరిదో వంటింట్లో కుళాయి కారుతోంది, అక్కడ నేను మూడేళ్ళ తరవాత గడియారం మరిచిపోయాను. దయచేసి దాన్ని ఎవరూ కట్టేయకండి."

"గది నువ్వే ఉంచుకో," అన్నాడాయన తమ్ముడితో పత్రిక మడుస్తూ. "నాకు నిన్నటి నీళ్ళకే వ్యాయామం సరిపోయింది. రాత్రంతా నడుస్తూనే ఉన్నాను."

ముగ్గురూ కొత్త కుళాయిని చూస్తున్నారు. అది పిలవని పెళ్ళికి వచ్చినట్టు మెరుస్తూ, బిగుసుకుని ఉంది.

"వదినా..." అన్నాడు మరిది.

"వద్దు. అడక్కు," అంది వదిన.

"మూడో ఆల్బమ్..."

ప్లంబరు గంటలో వచ్చాడు. "ముప్ఫై ఏళ్ళలో కారనిదాన్ని తీసి కారేదాన్ని పెట్టమన్నవాళ్ళు మీరేనమ్మా," అంటూ సంచీలోంచి పాత కుళాయి తీసి, టార్చిలైటు పళ్ళ మధ్య పెట్టుకుని, సింకు కిందికి వెళ్ళాడు. కాసేపటికి టప్ మంది. తరవాత టప్, టప్. ఆ మోతతో ఇంకెన్నాళ్ళు వేగాలో వదిన మనసులో లెక్క వేసుకుంది. కిందనుంచి ప్లంబరు, గుమ్మంలోంచి మరిది ఒకేసారి అడిగారు, ఎలా ఉందని.

"ఫర్వాలేదు," అంది వదిన.

గుమ్మంలోని ముగ్గురూ ముందు వంగి సింకు కింద చూసుకుని, ఆ తరవాతే ఊపిరి పీల్చుకున్నారు.